వరిచేల మధ్య వెదురు వేదిక

గువాహటిలో రాత్రి ఎక్కిన రైలు నహర్లగున్ చేరేసరికి ఉదయం అయిదు దాటింది. మన ఊళ్ళలో ఇంకా చీకటి విడిపోని వేళ. ఇది దేశానికి తూర్పు కొస కాబట్టి ఇక్కడ అప్పటికే టీకొట్టు రేకుల మీద వెలుతురు పరుచుకుంది. స్టేషన్ బయట ఇన్నర్ లైన్ పర్మిట్ చూసి, పేరు రాసుకుని పంపిస్తున్నారు. బయటి రాష్ట్రాల వాళ్ళు అరుణాచల్ ప్రదేశ్‌లో అడుగు పెట్టాలంటే ఆ కాగితం ఉండాల్సిందే. వరుసలో మన ముందు నిలబడ్డవాళ్ళలో చాలామంది వీపుల మీద గిటార్ సంచులున్నాయి. సెప్టెంబర్ ఆఖరి వారం. అందరి ప్రయాణమూ జిరో లోయలో జరిగే సంగీతోత్సవానికే.

సుమోలో ఇరుక్కుని కూర్చున్నాం. డ్రైవర్ సామానంతా పైకెక్కించి తాడు బిగించాడు గాని, గిటార్లను మాత్రం ఎవరూ పైకి ఇవ్వలేదు. వెనక సీట్లో ఒకమ్మాయి ఒళ్ళో అడ్డంగా, గుడ్డ చుట్టిన వాద్యం ఒకటి ఉంది. ఏమిటని అడిగితే విప్పి చూపించింది. నాలుగు తీగలు, చెక్కిన కొయ్య మెడ, కింద తోలు బిగించిన చిన్న పొట్ట. ఖాసీ కొండల దుయితారా. ఆమె ఒక్కసారి మీటింది. పొడిగా, పొట్టిగా పలికింది తీగ. గిటార్ తీగలా సాగదు. పలికీ పలకగానే ఆగిపోతుంది. కాబట్టి వాయించేవాళ్ళు వేగంగా, ఎడతెగకుండా మీటుతూనే ఉండాలి. ఖాసీ పాటల్లో వినిపించే ఆ పరుగుకు ఈ వాద్యం కట్టుబడే సగం కారణం అనిపించింది.

దారి సుమారు వంద కిలోమీటర్లు. మన జాతీయ రహదారి మీదైతే గంటన్నర ప్రయాణం. వానాకాలం చివర్లో ఈ కొండదారిలో నాలుగు గంటల్లో చేరితే త్వరగా వచ్చినట్టే. పోటిన్ దాటాక ఒక పక్క కొండ చెమ్మగిల్లి ఎర్రగా కారుతూ ఉంటుంది, రెండో పక్క లోతున నది. యాజలిలో టీ, ఉడకబెట్టిన గుడ్లు, వెదురు కొమ్ముల పచ్చడి. అక్కడి నుంచి ఎత్తు పెరిగేకొద్దీ అరటిచెట్లు తగ్గి దేవదారు జాతి చెట్లు మొదలవుతాయి. చెవులు దిబ్బెళ్ళు పడతాయి. చివరి మలుపు తిరగ్గానే అడవి పక్కకి తప్పుకుంటుంది.

కింద ఇంత చదునైన నేల కొండల మధ్య ఎలా దాగి ఉందో తెలియదు. సముద్రమట్టానికి పదిహేను వందల మీటర్ల పైన, కనుచూపు మేర పండిన వరి. అపతానీలనే ఇక్కడి గిరిజనులు సాగు చేసే ఈ లోయలో నాగలి లేదు, ఎద్దు లేదు. పనంతా చేతులతోనే. మడిలో నీళ్ళు నిలబెట్టి, మధ్యలో కాలవ తీసి చేపపిల్లల్ని వదులుతారు. మడి ఎండే రోజుల్లో చేపలు ఆ కాలవలోకి చేరతాయి. గట్ల మీద చోళ్ళు వేస్తారు, తెలంగాణలో తైదలంటామే, అవే. ఒక్క మడిలోనే బువ్వ, కూర, కల్లు మూడూ పండిస్తున్న రైతులు వీళ్ళు. 2014 నుంచి ఈ లోయ యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పరిశీలన జాబితాలో ఉంది.

హాంగ్ గ్రామంలో నడుస్తుంటే ఇళ్ళ ముందు పొడవాటి కొయ్య స్తంభాలు కనిపిస్తాయి. వసంతంలో మ్యోకో పండగకి నిలబెట్టే బాబోలు అవి. వెదురు, కొయ్యలతో కట్టిన ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అరుగు మీద ఒక ముసలావిడ వెదురు చీలుస్తోంది. నుదుటి నుంచి ముక్కు కొస దాకా నీలిరంగు పచ్చబొట్టు, గడ్డం మీద నిలువుగా అయిదు గీతలు, ముక్కుకి రెండు పక్కలా నల్లటి బిళ్ళలు. 1970ల మొదట్లో ఈ ఆచారం ఆగిపోయింది. అంటే ఇలాంటి ముఖాలున్న తరం ఇదే ఆఖరు. ఆమె తల ఎత్తి మనల్ని చూసి నవ్వి, మళ్ళీ పనిలో పడింది.

ఈ లోయకి మన తెలుగు నేలతో ఒక పాత బంధం ఉంది. 1944లో ఇక్కడికి ప్రత్యేక అధికారిగా వచ్చి, అపతానీల మధ్య ఉండి, వాళ్ళ గురించి వివరంగా రాసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అంతకుముందు ఉన్నది నిజాం రాజ్యంలో. నల్లమల చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకాలు రాసిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త ఆయనే. రెండో ప్రపంచ యుద్ధం మొదలై హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్ళలేని పరిస్థితిలో ఆయన మన అడవులు తిరిగాడు. జిరో నుంచి మళ్ళీ హైదరాబాద్‌కే వచ్చి గిరిజనుల వ్యవహారాల్లో నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి జైనూరు మండలం మార్లవాయిలో ఉంది. మార్లవాయిలో గోండుల పాట విన్న చెవులే ఈ లోయలో అపతానీ పూజారి న్యీబు రాత్రంతా చదివే మిజి మంత్రాన్నీ విన్నాయి. ఈ ఊళ్ళో నడుస్తున్నంతసేపూ నాకు మార్లవాయి గుర్తొస్తూనే ఉంది.

ఇక పండగ మైదానానికి పోదాం.

ద్వారం వెదురు. కంచె వెదురు. చెత్తబుట్టలూ వెదురే. పచ్చిక ఏటవాలుగా దిగిన చోట, వెనక వరిచేలూ వాటి వెనక నల్లటి కొండలూ కనిపించేలా, వేదిక. ఏటా ఊరి పనివాళ్ళే తమ ఇంటి తోటల్లో పెంచుకునే బిజే వెదురుతో దాన్ని కడతారు. వేదికలు రెండు. పగటి వేదిక పేరు డాన్యీ, అంటే సూర్యుడు. రాత్రి వేదిక పేరు పిలో, చంద్రుడు. అపతానీలు తమ పూర్వీకుల నమ్మకాన్ని పిలుచుకునే పేరే డాన్యీ-పిలో. ఆ రెంటినీ విడదీసి పాటకి వేదికలు చేశారు.

ఈ ఉత్సవం 2012లో మొదలైంది. ఇక్కడివాడైన బాబీ హానో, ఢిల్లీలో మెన్‌వోపాజ్ అనే రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించే అనూప్ కుట్టీ కలిసి మొదలుపెట్టారు. రోడ్డు సరిగా లేని చోట, పెద్ద హోటళ్ళు లేని చోట, ఏ నగరానికీ దగ్గర కాని చోట నాలుగు రోజుల సంగీతోత్సవం పెట్టాలనుకోవడం పెద్ద సాహసమే. కరోనా కాలంలో ఆగి 2022లో మళ్ళీ నిలబడింది. 2014లో న్యూయార్క్ సోనిక్ యూత్ బ్యాండ్ వాళ్ళు లీ రనాల్డో, స్టీవ్ షెల్లీ కూడా ఇక్కడికి వచ్చి వాయించారు. అయినా ఈ మైదానానికి విలువ తెచ్చింది అలాంటి పెద్ద పేర్లు కావని రెండు గంటలు కూర్చుంటే చాలు, తెలిసిపోతుంది.

మధ్యాహ్నం. పచ్చిక మీద గోనెపట్టాలు, వానకోట్లు పరుచుకుని జనం కూర్చున్నారు. అపతానీ ఆడవాళ్ళ అంగళ్ళ నుంచి పొగ వస్తోంది. పొగబెట్టిన పంది మాంసం, వెదురు గొట్టంలో వండిన అన్నం, బొగ్గుల మీద కాల్చిన చేప. అరకులో బొంగు చికెన్ తిన్న నాలుకకి ఈ వాసన పరాయిది కాదు. చేతికి వెదురు గ్లాసు ఇచ్చి బియ్యపు కల్లు పోస్తారు. కొంచెం పులుపు, కొంచెం పొగ, చివర్లో తీపి.

డాన్యీ వేదిక మీదికి అయిదుగురు వచ్చారు. నలుగురు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి. అందరిదీ చదువు పూర్తయిందో లేదో అన్న వయసు. సియాంగ్ నది వైపు నుంచి వచ్చిన ఆదీ తెగ పిల్లలని వ్యాఖ్యాత చెప్పింది. బ్యాండ్ పేరు మనకి కొత్త. పక్కవాళ్ళని అడిగితే వాళ్ళకీ కొత్తే. అయినా ఎవరూ లేవలేదు, ఫోన్లు తీయలేదు. ఒక కుర్రాడు గిటార్ అడుగు తీగను సడలించి కిందికి దించుతున్నాడు. ఆ ఒక్క స్వరాన్ని శ్రుతిగా నిలబెట్టుకోవడానికి. మైకులో కాసేపు గుయ్‌మంది. సర్దారు.

అమ్మాయి చేతిలో కత్తిలాంటిది ఒకటి ఉంది. పిడి దగ్గర వదులుగా గుచ్చిన ఇనుప బిళ్ళలు. ఆమె మణికట్టు కదిపితే అవి గలగలమన్నాయి. యోక్సా అంటారు దాన్ని. ఆదీల పోనుంగ్ నృత్యంలో పాట నడిపించే మనిషిని మిరి అంటారు; మిరి చేతిలో ఉండేది ఇదే. చుట్టూ అమ్మాయిలు చేతులు కలుపుకుని గుండ్రంగా తిరుగుతుంటే మిరి మధ్యలో నిలబడి ఒక చరణం అంటారు, వలయం ఆ చివరి ముక్కని అందుకుంటుంది. వంశాల కథ, వరి పుట్టిన కథ, దారి తప్పిన పూర్వీకుల కథ ఇలాగే గంటల తరబడి సాగుతుంది.

ఇప్పుడు వేదిక మీద వలయం లేదు. గిటార్ ఉంది, బేస్ ఉంది, తాళానికి కహోన్ పెట్టె మీద కూర్చున్న కుర్రాడున్నాడు. యోక్సా గలగల నాలుగుసార్లు. తర్వాత గిటార్ వేళ్ళతో మీటుతూ మొదలైంది. అడుగు తీగ ఒకే స్వరం మోస్తోంది, పై తీగలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. అమ్మాయి గొంతు ఎత్తింది. అయిదే స్వరాలు. మన చెవికి మోహనకి దగ్గరగా అనిపిస్తుంది, కానీ గమకం లేదు. స్వరం నుంచి స్వరానికి నేరుగా అడుగు వేస్తుంది. చరణం చివర గొంతు కిందికి జారి ఆగుతుంది. మిగిలిన నలుగురూ ఆ జారిన చోటు నుంచే అందుకున్నారు, రెండు గొంతులు పైన, రెండు కింద. చర్చి గాయకబృందాల్లో నేర్చిన పొందిక అది. పాత పోనుంగ్‌లో అందరూ ఒకే స్వరంలో అందుకునే చోట ఇప్పుడు గొంతులు విడివిడిగా పరుచుకున్నాయి. అక్కడే ఈ పాట వీళ్ళది అయింది. తాతమ్మల పాటని ఉన్నదున్నట్టు వల్లించలేదు, దాని మీద డ్రమ్ములు కుమ్మరించి కప్పెయ్యలేదు. అందుకునే పద్ధతిని మాత్రం ఉంచుకుని, అందులోకి తాము ఆదివారాల్లో పాడినదాన్నీ హెడ్‌ఫోన్లలో విన్నదాన్నీ తెచ్చుకున్నారు.

మూడోసారి పల్లవి వచ్చేసరికి కింద కూర్చున్నవాళ్ళు అందుకుంటున్నారు. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఎక్కడ అందుకోవాలో తెలుస్తోంది, ఎందుకంటే ఆ పాట కట్టినదే అందుకోవడం కోసం. మన ముందు కూర్చున్న బెంగాలీ దంపతులు, వెనక కొహిమా పిల్లలు, పక్కన ఎవరో విదేశీయుడు, అందరూ. మిరి కోసం వలయం మళ్ళీ ఏర్పడినట్టే. నా ఒంటి మీద రోమాలు లేచాయి.

తర్వాత వచ్చిన బ్యాండ్ నాకు నచ్చలేదు. వాళ్ళకి వాయిద్యం మీద పట్టు ఎక్కువే, శబ్దమూ ఎక్కువే. ఒక జానపద పల్లవిని ముందుగా రికార్డు చేసిపెట్టుకుని, గిటార్ హోరు మధ్యలో అప్పుడప్పుడు వదిలారు. ఆ పల్లవి తీసేసినా పాట అలాగే ఉంటుంది. జానపదం ఆ పాటకి వెన్నెముకా, బొట్టుబిళ్ళా అని తేల్చుకోవడానికి నాకున్న కొలత ఇదొక్కటే: దాన్ని తీసేస్తే పాట నిలబడుతుందా, కూలిపోతుందా? కూలిపోతే ఆ బ్యాండ్ నిజంగా ఆ పాటని మోస్తున్నట్టు. నిలబడితే అలంకారం. ఈ కొలత పెట్టుకుని వింటే ఇండీ ఫోక్ పేరుతో వస్తున్నదాంట్లో తాలెంతో గింజెంతో తేలిగ్గానే తెలుస్తుంది.

వాన మొదలైంది. ఇక్కడ సెప్టెంబర్ వాన చెప్పి రాదు. గొడుగులకంటే మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తెచ్చుకున్నవాళ్ళే తెలివైనవాళ్ళు. అంగడి చూరు కింద నిలబడితే పక్కనున్న కుర్రాడు మన మాటలు విని దగ్గరికొచ్చాడు.

"తెలుగువాళ్ళాండీ?"

తెనాలి కుర్రాడు. బెంగళూరులో ఉద్యోగం. సెలవు పెట్టి వచ్చాడు.

"మాదీ చిన్న బ్యాండేనండి. వారాంతాల్లో వాయిస్తుంటాం. సొంత పాటలు ఓ పది ఉన్నాయి."

"మరి పాడుతున్నారా?"

"పాడతామండి. రెండో పాట మొదలెట్టగానే ముందు టేబుల్ నుంచి చీటీ వస్తుందండి, ఫలానా సినిమా పాట కావాలని. పాడకపోతే మళ్ళీ పిలవరు. ఇందాక చూశారుగా అన్నా, ఆ పిల్లల్ని. వాళ్ళ భాష ఇక్కడున్నవాళ్ళలో వందకి పదిమందికైనా వస్తుందా? ఒక్కరు చీటీ పంపలేదండి."

అంతే అన్నాడు. వాన సన్నగిల్లగానే తడిసిన పచ్చిక మీదికి పరిగెత్తి ముందు వరుసలో చేరాడు. నాలుగు రోజుల్లో ఈ మైదానంలో నేను విన్న మాటల్లో అంత బరువైనది మరొకటి లేదు.

ఈ ఆదీ పిల్లలు గాల్లోంచి ఊడిపడలేదు. వీళ్ళకి ముందు నడిచినవాళ్ళున్నారు. మణిపూర్ ఉఖ్రూల్ కొండల్లో తాంగ్‌ఖుల్ నాగా కుటుంబంలో పుట్టిన రూబెన్ మషాంగ్వా ఊరూరూ తిరిగి ముసలివాళ్ళ దగ్గర పాటలు పోగుచేశాడు. క్రైస్తవం వచ్చాక పాతకాలపువని పక్కన పెట్టేసిన పాటలవి. టింగ్‌టైలా అనే ఒంటితీగ వాద్యాన్ని, బ్లూస్ పాటల పక్కన కూడా పలికేలా మార్చుకున్నాడు. తల పక్కలు గొరిగి మధ్యలో జుట్టు వదిలే పాత తాంగ్‌ఖుల్ పద్ధతిలోనే వేదిక ఎక్కుతాడు. బాబ్ డిలన్నీ బాబ్ మార్లీనీ ఎంత ప్రేమించాడో తన ఊరి పాటనీ అంతే ప్రేమించిన మనిషి. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. నాగాలాండ్ టెట్సియో సిస్టర్స్ అక్కచెల్లెళ్ళు తమ చోక్రి భాషలో 'లి' అనే పాటలు పాడతారు. పొలంలో పనిచేస్తూ పాడే పాటలు, ప్రేమ పాటలు, తలచుకునే పాటలు. ఇంఫాల్‌లో అఖూ చింగాంగ్‌బమ్ 2008లో మొదలుపెట్టిన ఇంఫాల్ టాకీస్ మెయితెయి భాషలో తుపాకుల గురించి, చనిపోయిన పిల్లల గురించి, సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం గురించి పాడింది. జానపదం అంటే పాత పంట పాటలే కాదు, నిన్న ఊళ్ళో జరిగింది కూడా అని గుర్తు చేసిన బ్యాండ్ అది. షిల్లాంగ్‌లో లూ మజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వచ్చాడు. అదే ఊరి సమ్మర్‌సాల్ట్ బ్యాండ్ ఖాసీలో పాడుతూనే 2016లో 'రాక్ ఆన్ 2' హిందీ సినిమా దాకా వెళ్ళింది. అరుణాచల్ కుర్రాడు తబా చాకే ముంబయి చేరి, 2019లో 'బాంబే డ్రీమ్స్' ఆల్బమ్ తెచ్చాడు. అతని వేళ్ళు గిటార్ మీద ఆడే తీరు వినండి, తాళం, శ్రుతి, పాట మూడూ ఒక్క చేతిలోంచే వస్తాయి. ఇంగ్లీషులో, హిందీలో, తన న్యీషీ భాషలోనూ పాడతాడు.

వీళ్ళలో ఎవరి మాతృభాషకూ తెలుగులా కోట్లలో మాట్లాడేవాళ్ళు లేరు. అమ్ముడుపోవడం కోసం ఆ భాషలో పాడే అవకాశమే లేదు. పాడాలనిపించి పాడారు, అంతే. మాట్లాడేవాళ్ళు తక్కువున్న భాష కాబట్టి వినేవాళ్ళని బయట వెతుక్కోక తప్పలేదు, ఆ వెతుకులాటలోంచే ఈ మైదానం లాంటివి వచ్చాయి.

చీకటి పడ్డాక పిలో వేదిక. అక్కడ విద్యుత్ గిటార్లు, దీపాలు, నిలబడి గంతులు. బాగానే ఉంటుంది. దేశంలో మరెక్కడైనా దొరికేదే కాబట్టి ఆగి చెప్పను. ఆ హోరుకి దూరంగా గుడారాల దగ్గర మంట చుట్టూ జరిగేది మాత్రం చెప్పాలి. పొద్దున సుమోలో కలిసిన ఖాసీ అమ్మాయి దుయితారా తీసింది. పగలు పాడిన ఆదీ పిల్లల్లో కహోన్ కుర్రాడు ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి తాళం అందుకున్నాడు. ఎవరికీ ఎవరి పాటా రాదు. ఆమె ఒక వరస వాయిస్తే అతను లెక్క పట్టుకోవడానికి కొంచెం తడబడ్డాడు. ఆమె ఆగి, చేత్తో తొడ మీద తాళం చూపించి, మళ్ళీ ఎత్తుకుంది. రెండోసారి కుదిరింది. అపతానీ పెద్దాయన ఒకాయన మంటలో కట్టె ఎగదోసి, తన భాషలో ఏదో సన్నగా అందుకున్నాడు. శ్రుతి కలవలేదు. ఎవరూ నవ్వలేదు. ఖాసీ అమ్మాయి తీగ సడలించి ఆయన శ్రుతికి తెచ్చుకుంది. కొత్త బ్యాండులు పుట్టేది ఇలాంటి చోట్లే. వేదిక మీద మనం చూసేది ఆ తర్వాతి సంగతి.

తెనాలి కుర్రాడు నా పక్కనే కూర్చున్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. నా ధ్యాస మార్లవాయి మీదికి పోయింది.

మార్లవాయి గోండులకు పర్ధాన్లు అనే గాయకులున్నారు. కిక్రి అనే మూడు తీగల కమాను వాద్యం, పేప్రె సన్నాయి పట్టుకుని గోండుల పురాణాన్ని రాత్రుళ్ళు పాడేవాళ్ళు. హైమన్‌డార్ఫ్ ఆ కథల్ని శ్రద్ధగా రాసి పెట్టాడు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఆ ఊరే. 2024లో ఆయన పోయాడు. సమ్మక్క సారలమ్మల కథని కోయ భాషలో పాడిన సకిని రామచంద్రయ్య కూడా అదే ఏడాది పోయాడు. నల్లమల అంచున పన్నెండు మెట్ల కిన్నెర మోసుకుని తిరిగిన దర్శనం మొగిలయ్య పేరు రాష్ట్రమంతా మోగింది ఎప్పుడు? 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించాక. అంతకుముందు ఎన్నేళ్ళు ఆ కిన్నెర ఊళ్ళమ్మట మోగలేదు? సినిమా ఆయన్ని చూపించడం మంచిదే. సినిమా చూపిస్తే తప్ప మనం చూడకపోవడమే బాధ.

మనకి పాటకి కరువు లేదు. నిజం చెప్పాలంటే తెలంగాణ యూట్యూబ్ జానపదం అంత పెద్ద స్వతంత్ర సంగీత లోకం దేశంలో చాలా భాషలకు లేదు. చిన్న ఊళ్ళలో రాసి, చిన్న స్టూడియోల్లో రికార్డు చేసి, ఏ సినిమా సంస్థా వెనక లేకుండా వదులుతున్నారు. 2025లో రాము రాథోడ్ 'రాను బొంబాయికి రాను' పాటని కోట్లసార్లు విన్నారు. బ్యాండులూ ఉన్నాయి. హైదరాబాద్ చౌరస్తా వాళ్ళు రెగే లయ మీద పల్లెమాటని కూర్చోబెట్టారు. ఆ లయలో రెండో దెబ్బ మీద పడే విరుపు తెలుగు మాటకి ఇంత బాగా నప్పుతుందని వాళ్ళు పాడేదాకా నేను ఊహించలేదు. 2020లో కరోనా మీద వాళ్ళు కట్టిన పాట ఇంటింటా మోగింది. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల మరుసటి ఏడాది 'జాతిరత్నాలు'లో చిట్టి పాటతో సినిమాకి వెళ్ళాడు. అతను వెళ్ళడంలో తప్పు లేదు. బతకాలి కదా. తెలుగులో సొంత పాట పాడే మనిషికి బతుకుదెరువు చూపించే దారి ఆ ఒక్కటే కావడం తప్పు.

పాట ఉంది, గొంతు ఉంది, వాద్యం ఉంది. లేనిది మైదానం. మైదానమంటే కర్రలూ దీపాలూ కాదు. పేరు తెలియని బ్యాండ్ ముందు కూర్చుని, తెలియని పాట అయ్యేదాకా వినే జనం. జిరోలో ఆ జనం ఒక్క రోజులో తయారు కాలేదు. 2012 నుంచి ఏటేటా వచ్చి, తడిసి, మళ్ళీ వచ్చి తయారయ్యారు. అరకులోనో మార్లవాయిలోనో మన్ననూరులోనో అలాంటిది జరగకూడదని ఎక్కడా రాసి లేదు. కిక్రి పక్కన ఒక గిటార్ కూర్చుంటే ఏమవుతుందో విన్నవాళ్ళు మనలో ఎందరు? గోండి భాషలో, కోయ భాషలో, సవర భాషలో ఇరవయ్యేళ్ళ పిల్లలు ఇవాళ ఏం పాడుకుంటున్నారో మనం అడిగామా? ఆ పాట పట్టుకుని వాళ్ళు వేదికెక్కితే డాన్యీ ముందు కూర్చున్నట్టు మనం కూర్చోగలమా?

మీరు జిరోకి వెళ్ళగలిగితే తప్పకుండా వెళ్ళండి. పర్మిట్ ముందే తీసుకోండి, రబ్బరు బూట్లు మరిచిపోకండి, పగటి వేదికని వదులుకోకండి. వెళ్ళలేకపోయినా ఫర్వాలేదు. రూబెన్ మషాంగ్వా పాట ఒకటి, టెట్సియో సిస్టర్స్ పాట ఒకటి ఈ రాత్రి వెతికి చివరిదాకా వినండి. ఆ తర్వాత మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఎవరో పిల్లలు సొంత పాటలు పాడుతున్నారని తెలిసినప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్ళండి, ఉచితంగా రమ్మని పిలిచినా సరే. ముందు వరుసలో కూర్చోండి. సినిమా పాట పాడమని మాత్రం చీటీ పంపకండి.